నెవిల్ చూపించిన పలక

లిత్‌గో
1998 జూన్ 9

నెవిల్‌కి,

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. పెన్ను తీశాను, పెట్టేశాను. పొయ్యిలో కట్టెలు ఎగదోశాను. కుక్క చెవులు శుభ్రం చేశాను. ఇక చెయ్యడానికి పనేమీ దొరక్క కూర్చున్నాను. "నువ్వు రాస్తావా, నన్ను రాయమంటావా?" అంది మీ అక్క. డల్సీ రాస్తే ఉన్నదున్నట్టు రాసేస్తుంది. అంత ప్రమాదం ఎందుకని నేనే రాస్తున్నా. అక్షరాలు కోడిగుడ్లంత ఉన్నాయేమిటని నవ్వకు, ఆ సంగతికి వస్తాను.

కోడిగుడ్లంటే గుర్తొచ్చింది. మొలాంగ్ అవతల ఒక గొర్రెల రైతు పోతే సామాను వేలం వేస్తున్నారని తెలిసి, వెల్డింగు మిషను దొరుకుతుందేమోనని వెళ్ళాం. మిషను దొరకలేదు. ఊరికే కోళ్ళ షెడ్డులోకి తొంగిచూస్తే కోళ్ళన్నీ ఒక కారులో కాపురం ఉన్నాయి. వెనక సీటు నిండా గడ్డి. స్టీరింగు మీద కూర్చున్న పెట్ట నన్ను చూసి, ఎవరు కావాలండీ అన్నట్టు మొహం పెట్టింది. చిన్న డాట్సన్, ఒకప్పుడు పసుపురంగు. ముందు వైపు లోపలికి చెయ్యి పెట్టి తడిమాను. ఇనుప పట్టీ ఒకటి తలకిందులుగా అతికించి ఉంది. నెవిల్, నా వెల్డింగు నాకు తెలియదా? అంత వికారంగా అతికించే మనిషి న్యూ సౌత్ వేల్స్ మొత్తం మీద రెండోవాడు లేడు.

మన కారే. డెబ్భైమూడులో బాథర్స్ట్ కొండ మీద కార్ల పందేనికి తీసుకెళ్ళిన కారు. వేలంలో కొని ఇంటికి లాక్కొచ్చాను.

ఇప్పటి కుర్రాళ్ళకు చెబితే నమ్మరు. పందెం కారంటే లారీలో పట్టుబట్టలు కప్పి తెస్తారనుకుంటారు. మనం అదే కారు నడుపుకుంటూ వెళ్ళాం. వెనక సీట్లో టైర్లు, టైర్ల మీద డల్సీ, డల్సీ ఒళ్ళో కేకు డబ్బా. తలుపుల మీద అంకెలు తెల్ల టేపుతో అతికించాం, సోమవారం పీకేసి అదే కారులో పనికి పోవచ్చని. అసలు ఆ కారెందుకు కొన్నామో నీకు గుర్తుందా? నేను ఫోర్డు కార్ల వాణ్ణి, నువ్వు హోల్డెన్ కార్ల వాడివి. మా పెళ్ళికి చర్చిలో చుట్టాలు కూర్చున్నది కూడా ఆ లెక్కనే. ఆ ఏడు దూరం వెయ్యి కిలోమీటర్లకు పెంచి, కారుకి ఇద్దరు డ్రైవర్లుండి తీరాలన్నారు. ఏ కారన్నదాని మీద మనిద్దరం శీతాకాలమంతా కొట్టుకుచచ్చాం. చివరికి మీ అక్క, "రెండూ వద్దు, ఇది కొనండి" అని ఈ పసుపు పురుగును చూపించింది. కొండ మీద ఫోర్డు జనం, హోల్డెన్ జనం కలిసి నవ్వుకున్నది ఆ ఒక్క రోజే, మనల్ని చూసి. "కుట్టుమిషను వచ్చిందిరోయ్!"

సరే. ఆ పందేనికి ఇరవై అయిదేళ్ళు నిండాయని పాతకార్ల క్లబ్బు వాళ్ళు అక్టోబరులో కొండ చుట్టూ ఊరేగింపు పెడుతున్నారు. ఒక్కో కారుకీ రెండు చుట్లు. ఒకటే షరతు: ఆనాడు కారుతోపాటు ఎవరి పేరు నమోదయిందో వాళ్ళే నడపాలి. అంటే నేనో, నువ్వో.

నేను కాదు. కుడి కన్ను మధ్యలో మసక మచ్చ వచ్చింది. కళ్ళ డాక్టరు, మన మనవరాలి ఈడు పిల్ల, లైసెన్సు తిరిగిచ్చెయ్యమంది. "పోనీ ఎడమ కన్నుతో నడుపుతానమ్మా" అన్నాను. "అది ఎప్పుడూ పనిచెయ్యలేదు తాతగారూ. చిన్నప్పటినుంచీ బద్ధకపు కన్ను. ఇన్నాళ్ళూ రెండోదే దాన్ని మోసింది" అంది. మా అమ్మ నన్ను బద్ధకస్తుడని తిట్టేది. పాపం ఆవిడ మనిషి మొత్తాన్ని తిట్టింది, తప్పు ఒక కన్నుదట.

కాబట్టి నువ్వు రావాలి. నువ్వు రాకపోతే కారు కొండెక్కదు. ఆనాటి సంగతి నాకూ గుర్తుంది, నీకూ గుర్తుంది. దాన్ని కదపక్కర్లేదు. పడవెక్కి రా.

ఎరల్

తా.క. మీ అక్క నీకు ముద్దులు పంపమంది. పంపాను.


డెవన్‌పోర్ట్, టాస్మేనియా
జూన్ 28

ఎరల్ బావకి,

ఉత్తరం అందింది. కవరు మీద అక్షరాలు చూసి పోస్టుమాన్, "మీ మనవడు రాయడం నేర్చుకున్నాడా?" అని అడిగాడు. అవునన్నాను.

ఇక్కడ గాలి విపరీతంగా ఉంది. మా ఆవిడ మావిస్ గుల్లచేపలు కూరిన రొట్టె చేస్తోంది, ఇల్లంతా కూరపొడి వాసన. కారు దొరికినందుకు సంతోషం. కోళ్ళ మీద నాకు ఫిర్యాదేమీ లేదు.

దాన్ని కదపక్కర్లేదన్నావు. కదపకుండానే మనం ఇరవై అయిదేళ్ళు గడిపాం బావా. పెళ్ళిళ్ళలో కలిశాం, చావుల్లో కలిశాం, ప్రతిసారీ నువ్వు వానల గురించి అడిగావు, నేను వానల గురించి చెప్పాను. ఈ ద్వీపంలో వానల మీద నాకంటే తెలిసినవాడు లేడు. ఈసారి కదుపుతాను.

ఆ రోజు సగం దూరం నీది, సగం నాది. కొండ మలుపుల్లో పెట్రోలు ముల్లు పిచ్చెక్కినట్టు ఊగుతుంది కాబట్టి, ఎన్ని చుట్లకు పెట్రోలు అయిపోతుందో అక్క వేసిన లెక్కే లెక్క. అన్ని చుట్లూ అయ్యాక, కార్లు ఆగే చోటి గోడ దగ్గర పలక చూపిస్తే నువ్వు లోపలికి రావాలి, దిగాలి, నేను ఎక్కాలి. ఆ పలక పట్టుకున్నది నేనే. హెల్మెట్ పెట్టుకుని, పట్టీ బిగించుకుని, "లోపలికి" అని సుద్దతో రాసిన పలక చాచాను. వెళ్ళిపోయావు. మళ్ళీ చుట్టు తిరిగి వచ్చావు, మళ్ళీ వెళ్ళిపోయావు. మూడోసారి నడుం దాకా గోడ మీదికి వంగాను. అప్పుడు నన్ను చూశావు. కిటికీలోంచి నీ కన్ను తిన్నగా నా కన్నులోకి చూసింది. చూసి, వెళ్ళిపోయావు. కొండ పైన పెట్రోలు అయిపోయి ఆగిపోయావు. నేను హెల్మెట్ తియ్యకుండా అలాగే నిలబడి ఉంటే ఎవడో ఫోటో కూడా తీశాడు.

ఆ సాయంత్రం "పలక కనబడలేదు" అన్నావు. "ఇంకో చుట్టు తిరగాలనిపించిందిరా, వదలబుద్ధి కాలేదు" అనుంటే నాలుగు తిట్టి బీరు తాగేవాణ్ణి. అదేమీ పెద్ద పాపం కాదు, నేనైనా అదే చేసేవాణ్ణేమో. కానీ మొహంలోకి చూసి వెళ్ళిపోయి, కనబడలేదంటావా?

కోపంతో అడగడం లేదు. నిజంగా తెలుసుకోవాలని ఉంది. ఎందుకలా చూసి వెళ్ళావు? అది చెప్పు, వస్తాను. చెప్పకపోతే రాను.

నెవిల్


లిత్‌గో
జూలై 15

నెవిల్,

నేను నిన్ను చూడలేదు. పలకా చూడలేదు. ఆనాడు చెప్పిందే ఈనాడూ చెబుతున్నా. పలక కనబడలేదు కాబట్టి పెట్రోలు ఉందనుకున్నా, అంతే. నువ్వు ఇన్నాళ్ళు ఒకటి దాచుకున్నావు గనక నేనూ ఒకటి బయటపెడతాను. హోల్డెన్లు గోడ పక్కనుంచి వెళ్తుంటే నువ్వు నోరు తెరుచుకుని చూస్తూ పలక సంగతి మరిచిపోయావని నా నమ్మకం. మరిచిపోయినవాడు మరిచిపోయానంటే నేనూ నాలుగు తిట్టి బీరు తాగేవాణ్ణి.

బీరంటే, ముందు నెలలోనే వెళ్ళి కొండ వాలులో తెల్ల యూకలిప్టస్ చెట్టు పక్కన పాతిపెట్టాం చూడు, ఆదివారానికి చల్లగా ఉంటుందని. కొండ మీద సగం జనం అదే పని. పందెం రోజు ప్రతివాడూ చెట్ల కింద కుక్కల్లా తవ్వుకుంటూ ఉండేవాడు, ఒకడిది ఇంకొకడు తవ్వుకుని తాగేవాడు. మనం మాత్రం మొహాలు చాటేసుకుని ఇళ్ళకు పోయాం. అది ఇంకా అక్కడే ఉంటుంది.

నువ్వు రాసింది మీ అక్కే చదివి వినిపించింది. "తిన్నగా నా కన్నులోకి చూసింది" అన్న చోట ఆగిపోయింది. "ఆ చూపు నాకూ తెలుసు" అంది.

"ఏ చూపు?"

"మన పెళ్ళి విందులో. మా నాన్న మాట్లాడుతున్నంతసేపూ నువ్వు విన్నీ వైపే చూశావు."

విన్నీ ఎవరో గుర్తుందా? పెళ్ళిలో డల్సీ వెనక గౌను పట్టుకుని నడిచిన స్నేహితురాలు, నా ఎడమ పక్కన కూర్చోబెట్టారు. నలభై ఏళ్ళుగా ఆ మాట కడుపులో పెట్టుకుందట మీ అక్క! ఆ విన్నీ క్రిస్మస్‌కి కార్డులు పంపి పంపి ఎందుకు మానేసిందో నాకిప్పుడు అర్థమైంది. ఒట్టేసి చెబుతున్నా, ఆ రోజు పొద్దుటినుంచీ నిలబడి నిలబడి కళ్ళు మూతలు పడుతుంటే, నేను చూసింది ఎదురుగా ఉన్న కేకుని. ఎప్పుడు కోస్తారా అని.

చూశావా, నువ్వు రాసిన ఒక్క ముక్కతో నా మీద రెండు కేసులు. నువ్వు మీ ఇంట్లో కూర్చుని గుల్లచేపలు తింటున్నావు, నేనిక్కడ చల్లారిన మటన్ తింటున్నాను.

లేని కారణం ఎక్కణ్ణుంచి తెచ్చి చెప్పను? రాకపోతే మానెయ్. కారు కోళ్ళకే ఇచ్చేస్తా. అవైనా నన్ను ప్రశ్నలడగవు.

ఎరల్


డెవన్‌పోర్ట్
ఆగస్టు 4

బావా,

ముందు నీకు ఘాటుగా ఒక ఉత్తరం రాశాను. పూర్తి చెయ్యలేదు. విన్నీ నీ ఎడమ పక్కన కూర్చుందన్న మాట దగ్గర బుర్ర ఆగిపోయింది. మళ్ళీ నీ మొదటి ఉత్తరం తీశాను. ఎడమ కన్ను బద్ధకపు కన్ను అని రాశావు. నీ వాగుడులో పడి దాన్ని దాటేసి వెళ్ళాను.

మనం పందేలాడిన చిన్న మైదానాలన్నీ గుర్తు తెచ్చుకో. అన్నిటిలోనూ కార్లు గడియారం ముల్లు తిరిగినట్టే తిరిగేవి, ఆగే చోటు నీ కుడిచేతి వైపు. నేను చూపించిన పలక ఒక్కటి కూడా తప్పిపోలేదు. కొండ మీద కార్లు ఎదురు తిరుగుతాయి. అక్కడ గోడ ఎడమవైపు! నువ్వు కారులో కూర్చునేది కుడివైపు.

నాకు నిద్ర పట్టలేదు. ఆదివారం ఎడమ కన్నుకి దూది పెట్టి టేపు అంటించుకున్నాను. రొట్టె కాల్చే పళ్ళెం మీద సుద్దతో ఏదైనా రాసి, మా వీధి చివర పోస్టు డబ్బా పక్కన ఎడమవైపు నిలబడమన్నాను మావిస్‌ని. ఏం రాసిందో నాకు చెప్పకూడదు. ఆమె నన్ను పైకీ కిందికీ చూసి, "బాథర్స్ట్ మళ్ళీ మొదలైందన్నమాట" అని పళ్ళెం తీసుకుని వెళ్ళింది.

పందెంలో లాగా రోడ్డు మీదే చూపు పెట్టి, కొంచెం జోరుగా వెళ్ళాను. దూరం నుంచి మావిస్ ఒక చుక్క. దగ్గరికొచ్చేసరికి ఆమె లేదు, నా ముక్కూ, కారు కిటికీ కమ్మీ ఉన్నాయి. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ లేదు. మూడోసారి ఆమె పళ్ళెం ఊపిందట, నాకు తెలీదు. పోస్టు డబ్బా తగిలింది, అది మాత్రం తెలిసింది. తల మొత్తం తిప్పితే కనబడేదే. కానీ ఆ వేగంలో, ముందు మలుపు పెట్టుకుని, నీకు తెలియని జబ్బు కోసం నువ్వు తల ఎందుకు తిప్పుతావు? పైగా ఆ రోజు గోడ పొడుగునా ఎన్ని పలకలు!

"ఏం రాశావే?" అని అడిగాను.

"గాడిద అని" అంది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ బావా, కన్ను నన్ను చూసింది. అది నేను కలగన్నది కాదు. కనబడని కన్ను చూడ్డమేమిటి? అదొక్కటే అడ్డం పడుతోంది. ఆ డాక్టరు పిల్లను అడుగు, నువ్వు బాగా అలిసిపోతే ఆ కన్ను ఏం చేస్తుందో. అక్కను వెంట తీసుకెళ్ళు. నీ ఒక్కడి మాట నమ్మను.

నెవిల్


లిత్‌గో
ఆగస్టు 30

నెవిల్,

వెళ్ళాం. డాక్టరు పిల్లకి కథంతా చెప్పాను. పందెం, పలక, పెళ్ళి, కేకు. బయట జనం ఎదురుచూస్తున్నా కుర్చీ దగ్గరికి లాక్కుని విన్నది. ఆ తర్వాత నన్ను గోడ మీది అక్షరాలు చదువు చదువు అని కళ్ళు పీకేదాకా చదివించింది. డల్సీని నా ఎడమ పక్కన నిలబెట్టింది. నేను ఎదుటి గోడ మీద మిగిలిన మసకను చూస్తున్నా. ఉన్నట్టుండి మీ అక్క, "అదుగో! అదే చూపు! నన్నే చూస్తున్నాడు!" అని అరిచింది.

"చూడ్డం లేదమ్మా" అంది డాక్టరు. "అలిసిపోతే ఆ కన్ను పట్టు తప్పి బయటికి జారుతుంది. పక్కనున్నవాళ్ళకి తమనే చూస్తున్నట్టు ఉంటుంది. అది ఎవర్నీ చూడదు." ఆ రోజు ఏం జరిగిందో తను ప్రమాణం చేసి చెప్పలేనని, కానీ నువ్వు చెప్పిందీ నేను చెప్పిందీ రెండూ ఒకే కన్నులో పడతాయని అంది. నీ పళ్ళెం పరీక్ష సంగతి చెబితే నిన్ను రోడ్డు మీద అలాంటివి చెయ్యొద్దంది.

మీ అక్క అక్కడ నవ్వు ఆగక కుర్చీ పట్టుకుంది. ఇంటికొచ్చి టీ కూడా పెట్టుకోకుండా విన్నీ అడ్రసు వెతికి ఉత్తరం రాసింది. ఏం రాసిందో నాకు చెప్పలేదు, నేనడగలేదు. పోస్టులో మాత్రం నేనే వేశాను.

నువ్వు పలక పట్టుకున్నావని నమ్ముతున్నా. హోల్డెన్ల మాట వెనక్కి తీసుకుంటున్నా, ఆ ఒక్క రోజుకి మాత్రమే.

కారులోంచి గడ్డి తీశాను. ఈకలు ఎంత తీసినా వస్తూనే ఉన్నాయి. ఇంజను మొన్న దగ్గి, నిన్న తుమ్మి, ఇవాళ తిరిగింది. అంకెలు తెల్ల టేపుతోనే అతికించింది డల్సీ. డ్రైవరు సీటు తుప్పు పట్టి నా పొట్టికాళ్ళ దగ్గరే బిగుసుకుపోయింది. నూనె పోసి, సుత్తితో కొట్టి, వెనక్కి జరిపాను. ఇక అది నాకు పనికిరాదు, నా కాళ్ళు అందవు.

ఎరల్


డెవన్‌పోర్ట్
అక్టోబరు 19

బావా,

క్షేమంగా చేరాం. పడవలో మావిస్ వాంతులు చేసుకుంది, నేను ఆకలిగా తిన్నాను.

సిగ్గు విడిచి ఒకటి అడుగుతున్నా. నడిపింది నేనే గానీ నాకేమీ గుర్తులేదు. జెండా ఊపడం గుర్తుంది, తర్వాత నువ్వు నా హెల్మెట్ పట్టీ విప్పుతుండడం గుర్తుంది. మధ్యలో శూన్యం. మావిస్ అడుగుతోంది, పక్కింటివాళ్ళు అడుగుతున్నారు, పోస్టుమాన్ కూడా అడిగాడు. నువ్వు పక్క సీట్లోనే ఉన్నావుగా, ఏం జరిగిందో రాసి పంపు.

నెవిల్


లిత్‌గో
అక్టోబరు 27

నెవిల్,

నడిపినవాడికి గుర్తులేదు, పక్కన కూర్చున్నవాడికి కనబడదు. ఈ ఊరేగింపు చరిత్ర రాయడానికి మనంత తగినవాళ్ళు లేరు. నాకు తెలిసింది రాస్తాను, మిగతాది పోస్టుమాన్‌కి నువ్వే కల్పించి చెప్పు.

జెండా ఊపగానే రెండుసార్లు ఇంజను ఆపేశావు. మూడోసారి కదిలింది. కొండ ఎక్కేటప్పుడు లోపలి గొట్టాల్లోంచి ఈకలు లేచి నా నోట్లో పడ్డాయి. నువ్వు చర్చి పాట ఒకటి కూనిరాగం తీస్తున్నావు, రాగం తప్పు. గేరు మార్చిన ప్రతిసారీ "క్షమించు" అన్నావు. నాతోనో కారుతోనో తెలియలేదు.

పైకి వెళ్ళేసరికి సాసేజీలు కాలుతున్న వాసన వచ్చింది. ఆనాటి వాసనే. ఎవడో అరిచాడు, "కుట్టుమిషనురోయ్!" అని. గొంతును బట్టి ముసలాడు. ఆ అరుపు అందుకుని కంచె పొడుగునా అందరూ అరిచారు. ఫోర్డు వాళ్ళెవరో హోల్డెన్ వాళ్ళెవరో నాకు తెలియలేదు. మన తెల్ల చెట్టు ఎక్కడని అడిగితే, "అక్కడ మరుగుదొడ్డి కట్టారు బావా" అన్నావు. ఆనాడు నేను పెట్రోలు లేక ఆగిన చోటు వచ్చినప్పుడు నువ్వు చెప్పక్కర్లేకపోయింది. అక్కడ రోడ్డు కింద ఒక వంపు ఉంటుంది, నడుముకి తెలుస్తుంది. నువ్వు కాలు కొంచెం ఎత్తావు. ఇంజను శబ్దం చిన్నదైంది. ఇద్దరం వినసాగాం. మళ్ళీ నొక్కావు, వెళ్ళిపోయాం.

కిందికి దిగేటప్పుడు నువ్వు మా అత్తగారిని తలుచుకున్నావు, మూడుసార్లు, గట్టిగా. పొడుగు దారిలో మాత్రం బాగా నడిపావు. ఈ మాట మీ అక్కకు చెప్పలేదు, నీకు చెబుతున్నా.

మొదటి చుట్టు అయింది. రెండోది కూడా అలాగే, ఈకలు తక్కువ.

చివర్లో గోడ దగ్గరికొచ్చాం. నేను ఎడమ సీట్లో ఉన్నా కాబట్టి గోడ నా పక్కనే. తల మొత్తం తిప్పి చూశాను. తెల్లగా ఏదో ఊగుతోంది, దాని వెనక నీలంగా ఏదో ఉంది. నీలం డల్సీ గౌను అనుకుంటా.

"పలక పెట్టిందా?" అని అడిగాను.

"పెట్టింది."

"ఏం రాసింది?"

"లోపలికి రమ్మని."

లోపలికి వచ్చాం.

ఎరల్